నాలుగు సీసాలు వడగట్టిన ఆదివారం

కంపెనీ గెస్ట్‌హౌస్‌లలో, హోటళ్లలో కొత్తగా చేరిన పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు, విదేశీ అతిథులతో ఎలా మెలగాలని అడుగుతుంటారు. మూడు మాటలు చెప్తాను. చేతులు శుభ్రంగా ఉంచుకోండి. తలుపు ఒక్కసారే కొట్టండి. తెలియనిదాన్ని తెలుసు అనకండి. మొదటి రెండూ నేను ఏనాడూ తప్పలేదు. మూడోది మాత్రం పంతొమ్మిదేళ్లు తప్పుతూనే ఉద్యోగం చేశాను. ఆ పంతొమ్మిదేళ్లూ ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీదికి ఎట్లా వచ్చిపడ్డాయో రాస్తున్నాను.

నా ఉద్యోగం సూరత్ పక్కన హజీరాలో, ఒక పెద్ద ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌కు మేనేజర్‌గా. ఆ కుర్చీలోకి నన్ను తీసుకెళ్లింది చదువు కాదు, మా తాతగారి బిరడా స్క్రూ. దంతపు పిడి, వెండి కట్టు, ఎర్ర మఖ్మల్ సంచి. మా తాతగారి కాలంలో ఏడూళ్లు మావి. గడిలో నిజాం అధికారులు బసచేసేవారు. వాళ్లకు సీసాలు తెరిచిన స్క్రూ అది. ఏడూళ్లూ పోయాయి. గడి పోయింది, ఇప్పుడందులో ఎవరిదో విత్తనాల గోదాం ఉంది. నా వంతుకు ఆ స్క్రూ, నిటారుగా నిలబడే అలవాటు మిగిలాయి.

ఇంటర్వ్యూకు వచ్చినప్పుడు బసచేసిన లాడ్జీ మీద నమ్మకం లేక దాన్ని సంచిలో వెంట తెచ్చుకున్నాను. కాగితాలు తీస్తుంటే అది కూడా బయటికి వచ్చింది. అధికారి చేతిలోకి తీసుకుని చూసి, "అయితే మీకు వైన్ సంగతులు బాగా తెలుసన్నమాట" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. మా వంశంలో మౌనాన్ని గాంభీర్యం అంటారు. ఆయన దాన్ని అంగీకారం అనుకున్నాడు. మరుసటి వారం నుంచి ఉద్యోగం.

నిజానికి నేను వైన్ చుక్క ముట్టినవాణ్ణి కాదు. మా నాన్నగారు ఆస్తిని తాగి పోగొట్టారని ఊరంతా అనేది. అది అన్యాయం. ఆయన కోర్టుల్లో పోగొట్టారు. తాగి కూడా పోగొట్టారు, కానీ కోర్టుల తర్వాతే. ఏమైనా నేను ముట్టకూడదనుకున్నాను, ముట్టలేదు.

వైన్ తెలిసిన మనిషి అనే పేరు నిలబెట్టుకోవడానికి గుజరాత్‌ను మించిన చోటు లేదు. అక్కడ మద్యనిషేధం. విదేశీ అతిథులకు పర్మిట్లు ఉంటాయి, వాళ్లు తాగుతారు. మిగిలినవాళ్లం చూస్తాం. నన్ను పరీక్షించే వీలు ఎవరికీ లేదు. ఎడారిలో ఈత నేర్పే మాస్టరు బతుకు నాది. అతిథి సీసా తెస్తే వెలుతురుకెత్తి చూసి, "ఇంకొంచెంసేపు ఆగితే మంచిది" అనేవాణ్ణి. ఎందుకు ఆగాలో పంతొమ్మిదేళ్లలో ఒక్కరూ అడగలేదు. అందరూ ఆగారు.

మా వంటాయన గురించి ఇక్కడే చెప్పాలి. సూరత్‌లో మగ్గాల పేట లింబాయత్‌లో మరమగ్గాల మీద ఇరవై ఏళ్లు నేసి, ఆ మోతకు చెవులు సగం పోయాక మా వంటింట్లో కాంట్రాక్టు మీద చేరాడు. నాకంటే ఐదారేళ్లు చిన్న. మా ఏడూళ్లలో ఒక ఊరివాడు. గెస్ట్‌హౌస్‌లో అందరూ నన్ను మేనేజర్ సాబ్ అంటే, ఆయన ఒక్కడే దొరా అనేవాడు. అది నాకు లోపల ఎంత హాయిగా ఉండేదో అప్పట్లో ఒప్పుకునేవాణ్ణి కాదు. ఆయనకు చెవుడు గనుక మెల్లగా మాట్లాడటం చేతకాదు. గుసగుసలాడాడంటే గేటు దగ్గరి వాచ్‌మన్ తలెత్తి చూసేవాడు.

నేను రిటైర్ కావడానికి ఏడాది ముందు ఫ్యాక్టరీలో ఒక కంప్రెసర్ బిగించారు. గ్యాస్‌ను ఒత్తి పంపే యంత్రం అది. తయారుచేసినది ఫ్రాన్స్ కంపెనీ, దాన్ని తిప్పే గేర్‌బాక్స్ ఇటలీ కంపెనీది. రెండు కంపెనీల నుంచీ ఒక్కో నిపుణుడు వచ్చి మా దగ్గర దిగాడు. యంత్రాన్ని నడిపిన ప్రతిసారీ అది కాసేపు తిరిగి, వణికి, ఆగిపోయేది. వణుకు గేర్‌బాక్స్‌దని ఫ్రెంచాయన, కాదు కంప్రెసర్‌దని ఇటలీ ఆయన. మొదట వాదించుకున్నారు. తర్వాత మాటలు మానేశారు. భోజనానికి బల్లకు చెరో కొసన కూర్చునేవారు. "ఉప్పు ఇటు జరపమని ఆయనకు చెప్పండి" అని ఒకరు నాతో అంటే, "ఉప్పు తన మోచేతి దగ్గరే ఉందని ఆయనకు చెప్పండి" అని రెండోవారు నాతో అనేవారు.

ఇద్దరూ చెరి మూడు సీసాల వైన్ తెచ్చుకున్నారు. పర్మిట్ల ప్రకారం అంతా సరిగ్గా ఉందని మా లీగల్ ఆఫీసర్ తేల్చాక, చల్లగా ఉండే సామాన్ల గదిలో పెట్టి తాళం నా దగ్గర ఉంచుకున్నాను. అప్పగించేటప్పుడు ఫ్రెంచాయన తన మూడు సీసాల కథ చెప్పాడు. భార్య తరఫు బంధువు ఒకాయన కొండవాలు మీద చిన్న తోట పెట్టుకున్నాడు. గుర్రంతో దున్నుతాడు. ఏ మందూ చల్లడు, ఏ మందూ కలపడు. ద్రాక్షలను వాటంతట అవే పులియనిస్తాడు. వడగట్టడు. ఇటలీ ఆయన సీసాలు సొంత అన్నవి. ఆ అన్న తొక్కలతో సహా రసాన్ని మట్టికుండల్లో పోసి నేలలో పాతిపెడతాడు. ఆయన కూడా వడగట్టడు.

ఇద్దరు చెప్పినదీ తల పంకిస్తూ విన్నాను. నాకు అర్థమైనది ఏమిటంటే, పాపం, ట్రాక్టర్ కొనలేని, మందులకు గతిలేని, వడగట్టే సాధనం కూడా లేని బీద రైతులు. అంత పెద్ద కంపెనీల్లో పనిచేసే ఇద్దరూ తమ చుట్టాల లేమిని దాచకుండా చెప్పుకోవడం నన్ను కదిలించింది. పడిపోయిన కుటుంబాల బాధ నాకు తెలియనిదా.

పన్నెండు రోజులు గడిచాయి. మా జనరల్ మేనేజర్ రాజమండ్రి వైపు మనిషి, నెమ్మదస్తుడు. ఆయన నన్ను పిలిపించాడు.

"మేనేజర్‌గారూ, వీళ్లిద్దరూ మాట్లాడుకోకపోతే ఆ మిషను తిరగదండీ. ఇద్దరికీ ప్రాణమైంది ఒక్కటే ఉంది, ఆ సీసాలు. ఆదివారం మధ్యాహ్నం ఇద్దర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి రుచి చూసే కార్యక్రమం పెడదాం. మధ్యలో తీర్పరి మీరు."

"నేనా?"

"ఈ కంపెనీలో వైన్ తెలిసింది మీ ఒక్కరికే కదండీ. ఇద్దరివీ సరిసమానం అనండి, చాలు."

తీర్పు ముందే వచ్చేసింది. రుచి ఒక్కటే మిగిలింది. నాకు పర్మిట్ లేదన్నాను. ఆరోగ్యం కోసం అవసరమని డాక్టర్లు రాసిస్తే మనవాళ్లకూ ఇస్తారట, వెళ్లి రమ్మన్నాడు.

ఆ సంగతి విని వంటాయన నాకొక సలహా ఇచ్చాడు. కాంపౌండ్ అంతటికీ వినపడింది.

"డాక్టర్ ముంగట జర నడుం వంచున్రి దొరా. గిట్ల నిటారుగ నిలవడ్తే పర్మిట్ ఎవడిస్తడు?"

"నేను వంచను" అన్నాను.

"పోనీ దగ్గున్రి."

ఆస్పత్రి వరండాలో నా ముందు పదిమంది ఉన్నారు. ముగ్గురు దగ్గడం సాధన చేస్తున్నారు. ఒకాయన తన చేతులు ఎంత బాగా వణుకుతున్నాయో పక్కాయనకు చూపిస్తున్నాడు. నా వంతు వచ్చింది. డాక్టర్ గుజరాతీ మనిషి, ముప్పై ఐదేళ్లుంటాయి. హిందీలో అడిగాడు.

"నిద్ర పడుతుందా?"

"పడుకోగానే."

"ఆకలి?"

"వేళకు."

"చేతులు వణుకుతాయా?"

"మా వంశంలో ఎవరికీ వణకలేదు."

ఆయన కలం కిందపెట్టాడు. "కాకా, ఈ గదిలోకి నిజం చెప్పడానికి వచ్చినవాళ్లు చాలా తక్కువ. మీరు నాకంటే గట్టిగా ఉన్నారు. హాయిగా ఇంటికి వెళ్లండి" అన్నాడు. ఆరోగ్యంగా ఉన్నందుకు నా దరఖాస్తు కొట్టేశారు. ఇంటికి వచ్చి విషయం చెప్తే మా ఆవిడ కూరగాయలు తరుగుతూ తల కూడా ఎత్తలేదు. "మంచిగున్నవని డాక్టర్ చెప్తే మొహం మాడ్చుకున్న మనిషిని మిమ్మల్నే చూస్తున్న" అన్నది.

నాకు లోలోపల ఊరటే కలిగింది. పర్మిట్ లేనివాడు రుచి చూడలేడు, రుచి చూడనివాడు తప్పు చెప్పలేడు. కానీ జనరల్ మేనేజర్ వదల్లేదు. పెద్ద పెద్ద నిపుణులు వైన్‌ను మింగరు, పుక్కిలించి ఉమ్మేస్తారు అని ఎక్కడో చదివాడు. ఉమ్మేస్తే తాగినట్టా కాదా అన్న ప్రశ్న లీగల్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లింది. ఆయన సూరత్ వాడు. ఉల్లి, వెల్లుల్లి కూడా తినడు. రెండు రోజులు పుస్తకాలు తిరగేసి వచ్చి తన అభిప్రాయం చెప్పాడు.

"దేఖో భాయ్, నోరు శరీరం లోపలి భాగమే. పెదవి దాటితే కేసే. కానీ ముక్కు గురించి చట్టం ఎక్కడా ఏమీ అనలేదు."

"అయితే?"

"వాసన చూడండి. నేను పక్కనే కూర్చుని మీ పెదవులు చూస్తుంటాను."

ఇట్లా వైన్ రుచి చూసే సభలో రుచి చూడకూడని న్యాయమూర్తిగా నన్ను నియమించారు.

ఆదివారం పదకొండు గంటలకు వంటింట్లో ఆరు సీసాలూ బల్ల మీద పెట్టించాను. ఉతికించిన తెల్ల చేతితొడుగులు వేసుకుని, మఖ్మల్ సంచిలోంచి మా తాతగారి స్క్రూ తీశాను. మొదటి సీసా మెడకు చుట్టిన కాగితం విప్పాను. లోపల బిరడా లేదు. సోడాబుడ్డికి ఉండే రేకు మూత ఉంది. రెండోదానికీ అంతే. ఆరింటికీ అంతే. స్క్రూ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

వంటాయన గరిటె తిప్పి పట్టుకుని, దాని కాడతో టక్కున మూత లేపేశాడు.

సీసా పొంగింది. నురగ బల్ల మీదికి, అక్కణ్ణుంచి నేల మీదికి కారింది. గ్లాసులో కొంచెం పోయించాను. పసుపు కలిపిన నీళ్లలాగా మసకమసకగా ఉంది. అడుగున ఏదో మడ్డి కదులుతోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసిన గోనెసంచి, పులిసిన మజ్జిగ వాసన. ఇంకోటి తీయించాను. అది ఎర్రటి బురద. గుర్రపుశాల గుర్తొచ్చింది.

అంతకుముందు వారం సామాన్ల గదిలో ఏసీ రెండు రోజులు ఆగిపోయింది. సీసాలకు ఏమీ కాదులే అనుకుని ఎవరికీ చెప్పలేదు. నా తాళం కింద, నా చేతుల్లో, ఇద్దరు అతిథుల సొమ్ము పాడైపోయింది. ఇంకో రెండు గంటల్లో నా పంతొమ్మిదేళ్ల పేరు కూడా వాటితోపాటు మోరీలోకి పోతుంది.

"పాడైపోయినయ్" అన్నాను.

వంటాయన సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చాడు.

"పాడు గాలే దొరా. మంచిగున్నది. పొద్దటి కల్లు గిట్లనే పొంగుతది."

"మెల్లగ మాట్లాడు."

"మెల్లగనే మాట్లాడుతున్న దొరా" అని అరిచాడు.

"వడగట్టు."

"ఏంది?"

"వడగట్టాలె. ఆ మడ్డి ఒక్కటి కనిపించొద్దు."

"మడ్డి తీస్తే ఇంకేముంటది దొరా? పాణం దాంట్లనే ఉంటది."

"మా ఇంట్ల వడగట్టనిది బల్ల మీదికి రాదు" అన్నాను. మా ఇల్లు అని నేనన్నది గెస్ట్‌హౌస్‌ను. ఆయన నాకేసి ఒక క్షణం చూసి, శ్రీఖండ్‌కు పెరుగు కట్టడానికని తెచ్చిపెట్టుకున్న గుడ్డ తీశాడు. లింబాయత్‌లో తమ్ముడి మగ్గం మీద నేసిన పాలిస్టర్ తాను ముక్క అది.

"కొత్తది దొరా. ఇంక ఉతకలే."

"నాలుగు మడతలు పెట్టు" అని చెప్పి, బట్టలు మార్చుకోవడానికి వెళ్లిపోయాను.

తిరిగి వచ్చేసరికి నాలుగు గాజు జగ్గులు వరుసగా ఉన్నాయి. రెండు లేత బంగారు రంగు, రెండు మాణిక్యాల రంగు. మడ్డి లేదు, నురగ లేదు. అద్దంలాగా తేటగా ఉన్నాయి. బీద రైతుల చేతి సరుకును పెద్దింటి బల్లకు తగినట్టు చేశానని నా గుండె పొంగింది. ఆరు సీసాలకు నాలుగు జగ్గులే ఎందుకున్నాయని అడగాలని తోచలేదు.

ఒంటిగంటకు అందరం కూర్చున్నాం. బల్లకు ఆ కొసన ఫ్రెంచాయన, ఈ కొసన ఇటలీ ఆయన. మధ్యలో నేను. నా కుడిపక్కన కళ్లజోడు తుడుచుకుంటూ లీగల్ ఆఫీసర్, ఎదురుగా జనరల్ మేనేజర్. అయిదుగురిలో తాగేవాళ్లు ఇద్దరు, చూసేవాళ్లు ముగ్గురు. డుమస్ సముద్రతీరంలో బండ్ల మీద అమ్మే టమాటా భజియా వంటాయన వేడివేడిగా వేసి పంపాడు. జగ్గుల పక్కన మఖ్మల్ గుడ్డ మీద మా తాతగారి స్క్రూ ఉంచాను. ఫ్రెంచాయన దాన్ని చూశాడు, జగ్గులను చూశాడు, రేకు మూతలను ఈ స్క్రూతో ఎట్లా తీసి ఉంటారని ఆలోచనలో పడ్డాడు.

గ్లాసులు నింపాను. మొదటిది ముక్కు దగ్గరికి ఎత్తాను. లీగల్ ఆఫీసర్ కూడా నాతోపాటు ముందుకు వంగాడు. నాకు ఏ వాసనా రాలేదు. కాసేపటికి మా ఆవిడ కుట్టుమిషన్ గుర్తొచ్చింది. ఎందుకో అర్థం కాలేదు. రెండోది ఎత్తాను. మళ్లీ కుట్టుమిషనే.

"సరిసమానం" అన్నాను.

జనరల్ మేనేజర్ హమ్మయ్య అన్నట్టు భజియా అందుకున్నాడు. అతిథులిద్దరూ గ్లాసులు ఎత్తి తాగారు. ఇద్దరూ మింగలేదు. ఇద్దరూ ఒకేసారి తలెత్తి, పద్దెనిమిది రోజుల్లో మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఇటలీ ఆయన ఒక మాట అన్నాడు. ఫ్రెంచాయన తల ఊపాడు.

"నూనె" అన్నాడు ఇంగ్లీషులో.

"మెషిన్ నూనె" అన్నాడు ఇటలీ ఆయన.

"పలుచటి రకం."

"చాలా పలుచటి రకం. వేగంగా తిరిగే వాటికి వేసేది."

"సరిగ్గా చెప్పారు."

ఉతకని గుడ్డ. మగ్గాల నూనె. నాకు అప్పుడు తెలిసింది. ఒక్క వణుకు విషయంలో పద్దెనిమిది రోజులు ఒప్పుకోని ఇద్దరూ, నూనె విషయంలో క్షణంలో ఏకమయ్యారు. వాళ్లు మాట్లాడుకుంటున్నారన్న సంతోషంలో జనరల్ మేనేజర్‌కు వాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో పట్టలేదు. ఇద్దరూ నావైపు తిరిగారు. "ఇది మా చుట్టాల వైన్ కాదు" అన్నాడు ఫ్రెంచాయన. "మా అన్నది కూడా కాదు" అన్నాడు ఇటలీ ఆయన. నేను గాంభీర్యం వహించాను.

అప్పుడు వంటింటి తలుపు దగ్గర నుంచి వంటాయన నాకు మాత్రమే వినపడాలని గుసగుసలాడాడు.

"దొరా, రెండు సీసలు నేను వడగట్టలే. నాకు మనసొప్పలే. ఫ్రిజ్‌ల దాచిన. తెమ్మంటరా?"

ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్లం ముగ్గురమే. కానీ జనరల్ మేనేజర్ మొహమే మిగిలిన ముగ్గురికీ తర్జుమా చేసి పెట్టింది. ఏమైందని ఫ్రెంచాయన ఆయన్ను అడిగాడు. ఆయన భజియా పళ్లెంలో పెట్టి, నాకేసి చూసి నెమ్మదిగా అన్నాడు.

"వంటాయన ఏదో పొరపాటు చేసినట్టున్నాడు కదండీ, మేనేజర్‌గారూ?"

అది నాకోసం తెరిచిపెట్టిన తలుపు. అవునంటే చాలు. మరుసటి రోజు కాంట్రాక్టరుకు ఒక కాగితం వెళ్తుంది, వంటాయన తిరిగి లింబాయత్ పోతాడు. యాభై దాటిన చెవిటివాణ్ణి ఏ మగ్గం మీదా కూర్చోబెట్టరు. ఆ సంగతి నాకు తెలుసు. ఆయనకు ఇంకా బాగా తెలుసు. అయినా లోపలికి వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"అవు సార్, నాదే తప్పు. దొరకు ఎర్కలే."

మా వంశంలో ఇట్లాంటివి జరిగినప్పుడు నీళ్లు పల్లానికి పోయినట్టు పోయేవి. తప్పు మాది, వంగే నడుము ఇంకొకరిది. నాకు జాలి కలిగిందని చెప్పను. నాకు కోపం వచ్చింది. నా తప్పును నా అనుమతి లేకుండా ఇంకొకడు ఎత్తుకుపోవడం నాకు అవమానంగా తోచింది. లేచి నిలబడ్డాను. అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెప్పాను.

"వడగట్టమన్నది నేను. ఆయన వద్దన్నాడు. పాడైపోయాయని భయపడ్డాను. నాకు వైన్ గురించి ఏమీ తెలియదు. జన్మలో ఒక్క చుక్క తాగలేదు. పంతొమ్మిదేళ్లుగా నేను చెప్పినవన్నీ ఊరికే చెప్పినవి."

ఉద్యోగం పోయిందనుకున్నాను. పేరు ఎట్లాగూ పోయింది.

ఫ్రెంచాయన నన్ను చూశాడు. తర్వాత నా పక్కన కూర్చున్న లీగల్ ఆఫీసర్‌ను చూశాడు. మెల్లగా నవ్వి, నాకు కన్ను కొట్టాడు. ఇటలీ ఆయన పెదవుల మీద వేలు పెట్టుకుని, అర్థమైందన్నట్టు తల ఊపాడు. లీగల్ ఆఫీసర్ నా భుజం తట్టాడు.

"బహుత్ అచ్ఛా. ఇదే మాట రాసి సంతకం పెట్టి ఇచ్చేయండి. ఫైల్‌లో ఉంటుంది."

"నేను నిజం చెప్తున్నాను" అన్నాను.

"అలాగే చెప్పాలి" అన్నాడాయన.

మళ్లీ చెప్పాను. ఒట్టు పెట్టుకుని చెప్పాను. నేను గట్టిగా చెప్పేకొద్దీ అతిథుల కళ్లలో గౌరవం పెరిగిపోయింది. మద్యనిషేధం ఉన్న రాష్ట్రంలో, లాయరు పక్కన కూర్చుని, తాగలేదని ఇంత నిబ్బరంగా చెప్పగలిగినవాడు ఎంత తాగినవాడై ఉండాలి అనుకున్నారు. వడగట్టింది కూడా వాళ్లకు పాఠం చెప్పడానికేనని ఫ్రెంచాయన తేల్చేశాడు. "మడ్డి తీసేస్తే ఏమీ మిగలదని నిరూపించారు. మా దేశంలో పెద్ద కంపెనీలకు ఈ పాఠం చెప్పేవాడు లేడు" అన్నాడు. అది వంటాయన మాట. దాన్ని నా పేరు మీద అచ్చుగుద్దేశారు. వంటాయనకు ఇంగ్లీషు రాదు. నేనే తెలుగులో చెప్పాను. "నేను పొద్దున అదేగా మొత్తుకున్న" అన్నాడు.

దాచిన రెండు సీసాలు వచ్చాయి. ఒకటి ఫ్రాన్స్‌ది, ఒకటి ఇటలీది. వంటాయన ఒక్కొక్కదాన్ని పసిబిడ్డను తిప్పినట్టు ఒకసారి తలకిందులు చేసి, మడ్డి అంతా కలిశాక మూత లేపాడు. పొంగాయి. ఫ్రెంచాయన ఇటలీ సీసాలోంచి పోయించుకున్నాడు, ఇటలీ ఆయన ఫ్రెంచి సీసాలోంచి. తాగి, మాట్లాడకుండా కుర్చీలు జరుపుకుని పక్కపక్కన కూర్చున్నారు.

నా ముందు కూడా ఒక గ్లాసు పెట్టారు, వాసనకు. మసకగా, మడ్డితో ఉన్నది. ముక్కు దగ్గరికి తీసుకున్నాను. అదే పులుపు, అదే తడి గోనె. కానీ ఈసారి భయం లేదు గనుక ఇంకోటి కూడా తగిలింది. నా ఆరేడేళ్ల వయసులో, పొద్దున్నే, పెరటి అరుగు మీదికి వచ్చే కల్లు కుండ. దాని మూతికి మా కోసం కట్టిన తెల్లగుడ్డ. గుడ్డలోంచి తేటగా మా తాతగారి వెండి చెంబులోకి దిగేది. గుడ్డలో మిగిలినది తెచ్చినవాళ్లు పెరటి బయట కూర్చుని తాగేవాళ్లు. వాళ్లు ఎప్పుడూ నవ్వుతుండేవాళ్లు, మా తాతగారు ఎప్పుడూ చిరాకుగా ఉండేవారు. ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

"ముక్కు గ్లాసు లోపలికి వెళ్తోంది" అని లీగల్ ఆఫీసర్ హెచ్చరించాడు. దించేశాను. బాగుందన్నాను. ఏది బాగుందని ఎవరూ అడగలేదు.

నాలుగో రోజుకు యంత్రం తిరిగింది. ఏదో నూనె సీలు సరిగ్గా కూర్చోలేదట. గేర్‌బాక్స్‌దీ కాదు, కంప్రెసర్‌దీ కాదు, రెండింటి నడుమ ఉన్న దాని తప్పు. దానికీ వైన్‌కూ సంబంధం లేదని నేను ఎంత చెప్పినా జనరల్ మేనేజర్ తన రిపోర్టులో నా పేరు రాశాడు. నేను రాసిచ్చిన ఒప్పుకోలు పత్రం లీగల్ ఫైల్‌లో భద్రంగా ఉంది. నా జీవితంలో నేను సంతకం పెట్టిన అన్ని కాగితాల్లో సంపూర్ణంగా నిజమైనది అదొక్కటే. దాన్ని ఒక్కరూ నమ్మలేదు. చుట్టుపక్కల గెస్ట్‌హౌస్‌ల నుంచి సలహాలకు ఫోన్లు మొదలయ్యాయి. నాకేమీ తెలియదండీ అనేవాణ్ణి. వాళ్లు అర్థమైందన్నట్టు నవ్వి, మా సీసాలు ఎంతసేపు ఆపాలో మాత్రం చెప్పండి అనేవాళ్లు. రిటైరైన రోజున అరడజను వైన్ గ్లాసులు బహూకరించారు. మా ఆవిడ వాటిలో ఆవాలు, జీలకర్ర పోసి పెట్టింది.

వంటాయన నా తర్వాత రెండేళ్లు చేసి, సొంతూరు వెళ్లిపోయాడు. పోయిన చలికాలంలో రమ్మని ఫోన్ చేశాడు. ఫోన్ చెవికి అరచేతి దూరం పెట్టుకుని విన్నాను. వెళ్లాను. తెల్లవారగానే ఊరి బయట తాటివనానికి తీసుకెళ్లాడు. గీసే ఆయన కుండ దించాడు. దొర వస్తున్నాడని ఎవరో చెప్పినట్టున్నారు, మూతికి ఉతికిన తెల్లగుడ్డ కట్టి ఉంది.

"గుడ్డ తియ్" అన్నాను.

గీసే ఆయన వంటాయన వైపు చూశాడు. "మడ్డి ఉంటది దొరా" అన్నాడు వంటాయన.

"ఉండనీ."

తాటాకును దోనెలాగా మడిచి నా చేతుల్లో పెట్టారు. నురగతో కల్లు పోశారు. నిలబడి ఎత్తి తాగబోయాను. ఆకు చివర నుంచి సగం నా చొక్కా చేతుల్లోకి, మోచేతుల దాకా కారింది. రెండోసారి పోశారు. మళ్లీ కారింది. చుట్టూ ఉన్నవాళ్లు మర్యాద కోసం చెట్ల పైకి చూడసాగారు.

వంటాయన నా పక్కకు వచ్చి, తాటివనం అంతటికీ వినపడేలా గుసగుసలాడాడు.

"ఇప్పుడన్న జర నడుం వంచున్రి దొరా."

వంచాను.